ఆదివారం నీళ్లు

అందరూ కుండీలక్క అని పిలిచే ఆవిడకి చెట్ల మీద కోపం ఎప్పుడూ లేదు. చెట్లకి తెలివి అంటగట్టేవాళ్ల మీద మాత్రం పీకలదాకా ఉండేది. అది పైకి చెప్పుకునే యోగం ఆవిడకి లేకపోయింది. చెట్లకి తెలివి అంటగట్టిన మహానుభావుడి దగ్గరే ఆవిడ ఇరవై రెండేళ్లుగా పని చేస్తోంది మరి. అంతకంటే పెద్ద చిక్కేమిటంటే, ఆ అంటగట్టడంలో ఆవిడ చెయ్యి కూడా ఉంది.

పని చెప్పుకోవాలంటే చిన్నదే. విశ్వవిద్యాలయం వెనకవైపు గాజుపైకప్పు వేసిన పొడుగాటి మొక్కలశాల. అందులో కుండీల బాధ్యతంతా ఆవిడది. మట్టి జల్లెడ పట్టాలి, ఆవిరి డబ్బాలో ఉడకబెట్టాలి, విత్తనం నాటాలి, చీటీ కట్టాలి, నీళ్లు పోయాలి, మొక్క ఎదిగాక కుండీ బోర్లించి వేర్లు కడగాలి. వేర్లు కడగడమంటే గిన్నెలు తోమడం కాదు. సన్న జల్లెడ మీద వేర్లముద్ద పెట్టి, కుళాయి ధార చిన్నగా వదిలి, వెంట్రుకంత వేరు కూడా తెగకుండా మట్టిని బుజ్జగించి సాగనంపాలి. ఒక్కో ముద్దకి గంట పట్టేది. సాయంత్రానికి చేతులు నానిపోయి వందేళ్ల ముసలమ్మ చేతుల్లా తయారయ్యేవి.

అలా కొన్ని వేల ముద్దలు కడిగిన మనిషి కనక చెట్టు గురించి ఆవిడకంటూ ఒక అభిప్రాయం ఉండేది. నీళ్లున్న వైపు వేరు పోతుంది, వెలుగున్న వైపు కొమ్మ పోతుంది, అంతకుమించి దానికి ఎవరితో ఏం పని? "తెలివి లేదంటే తిట్టినట్టు ఎందుకనుకుంటారో! చెట్టుకి చెట్టుతనం చాలదా?" అని ఒక్కతే ఉన్నప్పుడు గొణుక్కునేది. చెట్టు కింద కూర్చుని కళ్లు మూసుకునేవాళ్లకే చెట్టు మాటలు వినిపిస్తాయి గానీ, వేర్లు కడిగేవాళ్లకి వినిపించిన దాఖలా ఎక్కడా లేదు.

పెద్దసారు మాత్రం వేరే మాట చెప్పారు. పెద్దసారు అంటే ఆ మొక్కలశాల అధిపతి, మెత్తగా మాట్లాడే పొడుగాటి ప్రొఫెసరు. ఆయన చెప్పిందేమిటంటే, అడవిలో ఏ చెట్టూ ఒంటరిది కాదు. మట్టిలో అల్లుకున్న సన్నటి బూజుపోగుల గుండా చెట్లు ఒకదానికొకటి తిండి పంపుకుంటాయి, కబుర్లు చెప్పుకుంటాయి. అన్నింటికంటే విచిత్రం, ఒకే తల్లిచెట్టుకి పుట్టిన తోబుట్టువుని చెట్టు గుర్తుపట్టి, పరాయిదాన్ని పక్కనపెట్టి ముందు దానికే పెడుతుంది. ఈ మాటకి లోకమంతా మురిసిపోయింది. మనుషులు తోబుట్టువులకి పెడుతున్నారో లేదో గానీ, చెట్లు పెడుతున్నాయనేసరికి అందరికీ కళ్లు చెమర్చాయి. ఆయన రాసిన పుస్తకం ఇళ్లలో అద్దాల బీరువాల్లోకీ, పిల్లల పాఠాల్లోకీ ఎక్కింది. జనం బస్సులు వేసుకుని వచ్చేవారు. ఒకావిడ ప్రాంగణంలో చెట్టుకి చెవి ఆనించి, "అయ్యో, ఏదో అంటోంది, లోపల గుడగుడమంటోంది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. "అది చెట్టు కాదమ్మా, వెనకాల నీళ్ల మోటారు" అనబోయి కుండీలక్క నాలుక కరుచుకుంది. ఆవిడ అంత హాయిగా ఏడుస్తుంటే చెడగొట్టడానికి మనసొప్పలేదు.

ఇంట్లో సంగతి ఇంకా అన్యాయం. మొక్కలశాల గోడ పక్కనే ఇచ్చిన రెండుగదుల క్వార్టర్సులో కుండీలక్క, ఆవిడ భర్త, అత్తగారు ఉండేవారు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. అత్తగారికి పెద్దసారి పుస్తకం వేదవాక్కు. వంటింటి కిటికీలో పెంచుకునే మొక్క ముందు ఎవరూ గొంతు పెంచకూడదని చట్టం చేసింది. "మెల్లగా మాట్లాడవే, అది వింటే పక్కింటివాళ్ల మొక్కకి చేరేస్తుంది. మన గుట్టు వీధిన పడుతుంది" అనేది. తీరా ఆ మొక్క ఎదుట కూర్చుని కోడలి మీద చాడీలన్నీ చెప్పేది ఆవిడే. వచ్చినవాళ్లందరికీ మాత్రం, "చెట్లు మాట్లాడుకుంటాయని కనిపెట్టింది మా కోడలి చేతులే" అని గొప్పలు పోయేది. ఆ మాట అన్నప్పుడల్లా కోడలు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి అవతలికి వెళ్లిపోయేది.

ఎందుకు వెళ్లిపోయేదో చెప్పాలంటే పద్దెనిమిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడు పెద్దసారు తన పెద్ద ప్రయోగం పెట్టారు. వరసకి మూడు కుండీలు, అలా ఎనభై వరసలు. మూడు కుండీల్నీ మట్టి నింపిన పొట్టి గొట్టాలతో కలిపారు, బూజుపోగులు ఇటునుంచి అటు పాకడానికి. నడిమి కుండీలో ఒక మొక్క. దాని ఎడమపక్క అదే తల్లిచెట్టు విత్తనం, కుడిపక్క పరాయి చెట్టు విత్తనం. తోబుట్టువులకి ఎర్రచీటీలు, పరాయిదానికి నీలంచీటీ. ప్రతి శుక్రవారం ఒక పది వరసల్లో నడిమి మొక్కకి సంచి తొడిగి, యంత్రం పసిగట్టగలిగే గుర్తు ఉన్న గాలి పట్టేవారు. మొక్క ఆ గాలితో తిండి తయారుచేసుకుంటే, ఆ తిండి ఎక్కడికి పోయినా గుర్తు దానివెంట పోతుంది. మంగళవారం పక్క మొక్కల ఆకులు నాలుగు కోసి యంత్రంలో పెట్టి చూస్తే, నడిమిది ఎవరికి పెట్టిందో తేలిపోతుంది. ఇలా ఎనిమిది వారాలు. నీళ్లకి మాత్రం కఠినమైన నియమం ఉండేది. ప్రతి కుండీకీ పైనుంచి, విడివిడిగా, కొలత కప్పుతో, నిదానంగా పోయాలి. ఒక కుండీ నీళ్లు ఇంకో కుండీని తాకకూడదు.

మామూలు రోజుల్లో కుండీలక్కకి సాయం ఇద్దరుండేవారు. ఆదివారం మాత్రం ఆవిడ ఒక్కతే. రెండువందల నలభై కుండీలకి కప్పుతో పోయాలంటే మూడున్నర గంటలు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ తండ్రికి పక్షవాతం వచ్చింది. ఊరికి ఆ చివర ఉన్న ఆస్పత్రిలో పెట్టారు. చూడనిచ్చేది ఆదివారం తొమ్మిది నుంచి పదకొండు వరకే, బస్సులో గంట ప్రయాణం. మాట పడిపోయిన తండ్రి, తలుపు వైపే చూస్తూ పడుకునేవాడు. మొదటి ఆదివారం కప్పుతో నీళ్లు పోసి పరుగెత్తేసరికి గేటు వేసేశారు. కాపలావాడిని బతిమాలి, తిట్టి, చివరికి గేటు పట్టుకుని ఏడ్చి తిరిగొచ్చింది.

రెండో ఆదివారానికి ఉపాయం తట్టింది. సామాన్ల గదిలో లోతైన పళ్లాలు గుట్టగా పడి ఉన్నాయి, రెండేసి కుండీలు పట్టేవి. కుండీల కింద అవి పరిచి, గొట్టంతో నీళ్లు నింపితే చాలు, అడుగు చిల్లుల్లోంచి మట్టే పీల్చుకుంటుంది. ముప్పావుగంటలో పని తెమిలిపోతుంది. మధ్యాహ్నం వచ్చి పళ్లాలు తీసి తుడిచేస్తే కంటికి ఏమీ కనబడదు. వరసకి మూడు కుండీలు కదా, పళ్లెంలో రెండే పడతాయి, మూడోదానికి చిన్న మూకుడు పెట్టాలి. ఏ రెండు ఒకచోట పెట్టాలి? ఆవిడ ఆలోచించనైనా లేదు. ఎర్రచీటీలవి రెండూ ఒకే పళ్లెంలో, నీలంచీటీది విడిగా మూకుడులో. ఇంట్లో గిన్నెకి మూత జతచేసే చెయ్యి, ఒకే రంగువి ఒకచోట ఉంటే చూడముచ్చటగా ఉంటుందనుకుంది. అంతే. ఆ రోజు తండ్రి దగ్గర రెండు గంటలు కూర్చుంది. ఆయన కుడిచెయ్యి ఆవిడ వేళ్లు పట్టుకుని వదల్లేదు.

అలా ఏడు ఆదివారాలు. ఏడోదానికి ఆయన పోయాడు. కబురు వచ్చినప్పుడు పెద్దసారే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్లారు, కాగితాల మీద సంతకాలయ్యేదాకా పక్కనే నిలబడ్డారు. ఆ తర్వాత క్వార్టర్సు ఇప్పించిందీ ఆయనే. ఆవిడ ఆయన్ని నెత్తిన పెట్టుకుందంటే వింతేముంది?

తప్పు జరిగిందని ఆవిడకి ఏడాదిన్నర దాకా తెలియదు. ఫలితాలొచ్చాయి, ఎర్రచీటీ మొక్కల్లో గుర్తు నిండుగా కనిపించింది, నీలంచీటీ వాటిలో ఏమీ లేదు, పత్రికలు కోడై కూశాయి. అప్పుడొక పెద్ద హాల్లో పెద్దసారి ఉపన్యాసం. కుండీలక్కని కూడా కూర్చోబెట్టారు. ఆయన తెర మీద బొమ్మలు చూపిస్తూ, "తిండి నీళ్ల గుండా పోయిందేమో అని మీరడగొచ్చు. వేర్లనుంచి కారే తీపి కుండీ అడుగున నీళ్లలో కలిసి పక్క కుండీకి చేరొచ్చు. అందుకే మేం ప్రతి కుండీకీ కప్పుతో విడిగా పోశాం. ఒక్కరోజు కూడా తప్పకుండా. అదుగో, అలా పోసిన చేతులు అవిగో" అని ఆవిడ వైపు చూపించారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆవిడ తేలు కుట్టిన దొంగలా నిలబడి నమస్కారం పెట్టింది. శుక్రవారం గాలి, మంగళవారం ఆకు, మధ్యలో ఆదివారం. ఒకే పళ్లెంలో తోబుట్టువులు, పరాయిది వేరే మూకుడులో. చెట్లు తోబుట్టువుల్ని గుర్తుపట్టలేదు. రంగు చీటీల్ని ఆవిడ గుర్తుపట్టింది, అంతే.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన స్పానరు తుడుచుకుంటూ అంతా విని, "ఇప్పుడేమంటావు? వెళ్లి చెప్తావా?" అన్నాడు.

"చెప్పకపోతే ఎలాగండీ? అబద్ధం కదా అది."

"అబద్ధం నువ్వు చెప్పావా? నువ్వు నీళ్లు పోశావు. అబద్ధం చెప్పింది చెట్లు. అవేమన్నా కోర్టుకెళ్తాయా? ఆ పెద్దమనిషి పరువు, మన ఇల్లు, అన్నీ ఆ కుండీల మీదే ఉన్నాయి. నోరు మూసుకుని కూర్చో."

కూర్చుంది. కూర్చోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది భర్తకి కూడా చెప్పలేదు. తప్పయిందని ఒప్పుకుంటే తండ్రితో గడిపిన ఆ కాసిని గంటలూ తప్పయిపోతాయి. ఆ గంటల్ని ఎవరి బల్ల మీదా పెట్టి నేరమని రాయించుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

ఒక్కటి మాత్రం చేసింది. అక్కడినుంచి పారిపోదామని చూసింది. విత్తనాల గిడ్డంగికి మార్చమని అర్జీ పెట్టుకుంది. మంచి పని, కిటికీ పక్క బల్ల, సందర్శకుల బెడద లేదు. పెద్దసారు పిలిచి నవ్వుతూ, "నువ్వు వెళ్లిపోతే ఈ మొక్కలు నన్ను బతకనిస్తాయా అమ్మాయ్?" అని కాగితం మడిచి సొరుగులో పెట్టేసుకున్నారు. నాలుగేళ్లకి మళ్లీ పెట్టింది, మళ్లీ అదే నవ్వు. మూడోసారి అర్జీకి మొక్కలశాల ఇన్‌ఛార్జిని చేశారు. బస్సులు దిగిన పిల్లలకి పెద్దసారి ప్రయోగం చూపించే పని కూడా ఆవిడ నెత్తినే పడింది. "ఇదుగో పిల్లలూ, ఈ అక్క చెల్లికి తిండి పంపిస్తుందన్నమాట" అని వారానికి మూడుసార్లు చెప్పేది. పైన గాజు, చుట్టూ గాజు, లోపల ఆవిడ. బయటినుంచి చూసేవాళ్లకి ఎంత వెలుగులో ఉందో అనిపించేది. లోపల ఊపిరాడేది కాదు.

ఇలా పదహారేళ్లు గడిచాక ఒక అమ్మాయి వచ్చింది. వేరే విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు, పొట్టి జుట్టు, మందపాటి కళ్లద్దాలు, సైకిలు. చెట్ల మాటలంటే ఆ అమ్మాయికి అనుమానం. అనుమానమని ముఖం మీదే చెప్పేసింది. "నాలుగుచోట్ల ఈ ప్రయోగం మళ్లీ చేశారు సార్, ఎక్కడా రాలేదు. ఇక్కడే ఎందుకొచ్చింది?" అని అడిగింది. పెద్దసారు నొచ్చుకోలేదు. "చేతిలో ఉంటుందమ్మా పని" అన్నారు మెత్తగా, కుండీలక్కని పిలిపించి.

ఆ అమ్మాయి పాత నోటుపుస్తకాలు ముందేసుకుంది. "అక్కా, ఇక్కడ రోజూ నీళ్లు పోసినట్టు టిక్కులున్నాయి. ఆదివారాలు ఎవరు పోసేవారు?"

"నేనే."

"ఒక్కరేనా? ఎలా పోసేవారు?"

ఎదురుగా పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "కప్పుతోనే" అంది కుండీలక్క.

"ప్రతి ఆదివారమూ?"

"ప్రతి ఆదివారమూ."

అమ్మాయి రాసుకుంది. పుస్తకం మూసి, "అయితే ఒక మాట సార్. ఇక్కడే, అవే కుండీలతో, ఈ అక్క చేతులమీదుగానే మళ్లీ చేద్దాం. వస్తే నేనే ఒప్పుకుని రాస్తాను" అంది. పెద్దసారు సరేనన్నారు. కాదంటే ఏం బాగుంటుంది? అమ్మాయి కుండీలక్క వైపు తిరిగింది. "ఆదివారాలు నేను రానక్కా. నేను పక్కనుంటే మీ చెయ్యి మారిపోతుంది. అప్పుడెలా చేశారో అచ్చం అలాగే చెయ్యండి."

విత్తనాలు మొలిచి, మొక్కలు జానెడు ఎదగడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ కుండీలక్క తన ఉరికి తనే నీళ్లు పోసి పెంచినట్టయింది. కప్పుతో పోస్తే గుర్తు పక్క మొక్కకి చేరదు. చేరకపోతే, అప్పుడు చేరిందని ఎలా రాశారు అంటారు. పెద్దసారు అంకెలు కల్పించారంటారు. ఆ మనిషి అంకెలు కల్పించలేదు, యంత్రం చెప్పిందే రాశారు, పాపం ఆయనకేం తెలుసు? తన మూలంగా ఆయన ముసలితనంలో దొంగ అనిపించుకోవాలా? పోనీ పళ్లాలు పెడదామా అంటే, అప్పుడు తెలియక చేసింది, ఇప్పుడు తెలిసి చేసినట్టవుతుంది. ఆ అనుమానపు అమ్మాయి చేత కూడా సంతకం పెట్టించి అబద్ధానికి ముద్ర వేయించినట్టవుతుంది. ఎటు తిరిగినా గోడే. అత్తగారు కిటికీ మొక్కతో, "మా కోడలికి ఏదో అయిందే, అన్నం సయించట్లేదు" అని చెప్పుకోవడం రెండుసార్లు విని, ఆ మొక్కని విసిరేయాలనిపించింది.

మొదటి శుక్రవారం గాలి పట్టారు. ఆదివారం పొద్దున్నే లేచి కుండీలక్క ఒక నిశ్చయానికి వచ్చింది. కప్పుతోనే పోస్తాను. ఏదైతే అదవుతుంది. పెద్దసారి కాళ్ల మీద పడి, తెలియక చేశాను, మిమ్మల్ని ఇన్నేళ్లు మోసం చేశాను అని చెప్పేస్తాను. ఆయన తిట్టినా సరే, పడతాను. ఇలా అనుకున్నాక కొంచెం తేలికపడి, తాళంచెవి తీసుకుని వెళ్లింది.

తాళం తీసే ఉంది. లోపల పెద్దసారు పాత చొక్కా చేతులు మడిచి, గుడ్డతో పళ్లెం తుడుస్తున్నారు. ఎనభై వరసల కిందా పళ్లాలు పరిచి ఉన్నాయి.

"రా అమ్మాయ్. మోకాళ్ల నొప్పులంటున్నావు కదా, ఇన్నింటికి ఎక్కడ వంగుతావులే అని తీసి పెట్టాను. నీళ్లు వదలడమే తరవాయి" అన్నారు.

కుండీలక్క వరసల వెంట చూసుకుంటూ వెళ్లింది. ఎర్రచీటీలవి రెండూ ఒకే పళ్లెంలో. నీలంచీటీది మూకుడులో. మొదటి వరసా అంతే, పదో వరసా అంతే, చివరిదాకా అంతే. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. భర్తకి కూడా ఇంత వివరంగా చెప్పలేదు.

"ఎర్రవి రెండూ ఒకచోట పెట్టాలని మీకెవరు చెప్పారు సార్?"

ఆయన గుడ్డ పిండి ఆరేశారు. "మూడో ఆదివారం అనుకుంటా. మర్చిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చాను. నువ్వప్పటికే బస్సెక్కేశావు."

"మరి చెప్పలేదేం సార్?"

"తండ్రి దగ్గరికి వెళ్లే మనిషిని ఏమని ఆపమంటావు?"

"నన్నాపడం కాదు సార్. ప్రయోగం మళ్లీ మొదటినుంచీ పెట్టొచ్చు కదా!"

ఆయన చిన్నపిల్లవాడు తప్పు ఒప్పుకున్నట్టు, "అప్పటికే రెండో విడత ఫలితం వచ్చేసింది అమ్మాయ్. ఎంత బాగా వచ్చిందనుకున్నావు! చెట్లు అలాగే ఉంటాయని నాకు చిన్నప్పటినుంచీ నమ్మకం. నీళ్లలో కొంత పోయుండొచ్చు, పోగుల్లో కూడా పోయే ఉంటుంది. నిజం కొంచెం ముందే బయటపడిందనుకున్నాను" అన్నారు. చేతులు మడిచిన చొక్కా దించుకుంటూ, "నువ్వేం కంగారు పడకు. ఇన్నేళ్లు కాపాడుకొచ్చాను, ఇప్పుడొదిలేస్తానా నిన్ను?" అని, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయారు.

కుండీలక్క అక్కడే స్టూలు మీద కూలబడింది. మొదట ఏడుపు వచ్చింది, తర్వాత ఒళ్లు మండిపోయింది. పదహారేళ్లు ఆయన ముఖం చూడలేక తల దించుకుంది. ఆయన గదిలోకి వెళ్లినప్పుడల్లా మనసులో క్షమాపణ చెప్పుకుంది. ఆయన్ని మోసం చేశానని కుళ్లి కుళ్లి చచ్చింది. ఆయన మాత్రం అంతా తెలిసి, ఆవిడ దించిన తలని చూస్తూ హాయిగా నవ్వారు. సొరుగులోకి పోయిన అర్జీలు మూడూ ఇప్పుడు అర్థమయ్యాయి. మొక్కలు ఊరుకోవని కాదు, ఈ నోరు ఇంకెక్కడా తెరుచుకోకూడదని. తండ్రి కోసం దొంగిలించుకున్న ఆ గంటల్ని ఆయన తీసుకెళ్లి తన పుస్తకానికి అట్ట వేసుకున్నాడు. ‘ఆయన’ పోయి ‘వాడు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్ల అలవాటు, మింగేసింది.

ఫోను తీసి ఆ అమ్మాయికి కలిపింది. "అమ్మా, ఒకసారి రా. ఆదివారం నీళ్లు ఎలా పోసేదాన్నో చూపిస్తాను."

"నేను రాకూడదు కదక్కా, ప్రయోగం..."

"ప్రయోగం లేదు, ఏం లేదు. నువ్వు రా."

ప్రయోగం కోసం దగ్గర్లోనే గది తీసుకుని ఉంటోంది కనక, పది నిమిషాల్లో సైకిలు చప్పుడైంది. అమ్మాయి లోపలికొచ్చి పళ్లాలు చూసి నోరు తెరిచింది. కుండీలక్క కాళ్లావేళ్లా పడలేదు. గొట్టం తీసి మొదటి వరస పళ్లెం నింపింది. రెండు కుండీల అడుగులూ ఒకే నీళ్లలో తడుస్తుంటే వేలు పెట్టి చూపించింది. "ఇలా పోసేదాన్ని. రెండో వారం నుంచీ ఇలాగే. నీతో కప్పు అన్నాను చూడు, అది అబద్ధం. మా నాన్న ఆస్పత్రిలో ఉండేవాడు, బస్సు అందాలని ఇలా చేశాను. ఎర్రవి ఒకచోట పెట్టింది చూడ్డానికి బాగుంటుందని, అంతకంటే ఏం లేదు. మీ చెట్ల అక్కాచెల్లెళ్ల ప్రేమంతా ఇదుగో, ఈ పళ్లెంలో నీళ్లు."

అమ్మాయి కింద కూర్చుండిపోయింది. నవ్వలేదు, గెలిచినట్టు ముఖం పెట్టలేదు. "ఎంత కష్టంగా ఉండుంటుందక్కా మీకు" అంది. ఆ ఒక్కమాటకి కుండీలక్కకి మళ్లీ కళ్లనీళ్లు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంది. అమ్మాయి నోటుపుస్తకం తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని, మెల్లగా అడిగింది.

"ఇంకొక్కటే అడుగుతాను. ఈ సంగతి సార్‌కి తెలుసా?"

గాజు మీద ఎండ ఎక్కుతోంది. తెలియదు అంటే అయిపోతుంది. ఈ అమ్మాయి నమ్ముతుంది, లోకమూ నమ్ముతుంది. చదువుకోని పనిమనిషి ఆదివారం బద్ధకానికి ఒక గొప్పవాడు మోసపోయాడు, పాపం, అంటారు. ఆయన నిండుసభలో తనని క్షమిస్తారు కూడా. క్వార్టర్సు ఉంటుంది, అత్తగారి కిటికీ ఉంటుంది, తల ఇలాగే వంగి ఉంటుంది. ఆ ఒక్క మాట ఏదో ఒకరోజు అవసరం పడుతుందని, ఆ మాట చెప్పడానికే తనని పదహారేళ్లు ఈ గాజుగదిలో పెట్టి మేపారని ఆవిడకి అప్పుడు తెలిసింది.

"తెలుసు" అంది కుండీలక్క. "రాసుకో అమ్మా. మూడో వారం నుంచీ తెలుసు. ఈ పళ్లాలు ఇవాళ పరిచింది నేను కాదు."